ఆమోసు నెత్తిన రెండు చదరాలు

"ఈ దేశంలో నేరం చేసేవాడు ముగ్గురికి భయపడాలి. ఒకటి పోలీసులు, రెండు దేవుడు, మూడు సుందర్ రాజ్. పోలీసులు రాకపోవచ్చు. దేవుడు ఆలస్యం చేయవచ్చు. సుందర్ రాజ్ మాత్రం తప్పడు!"

జెర్సీ సిటీలో ఒక పాత అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లిన ఆదివారం ఉదయం, సోఫా కింద తల దూర్చి రెండో మేజోడు వెతుక్కుంటూ సుందర్ రాజ్ ఈ మాట ప్రకటించాడు. రెండో మేజోడు కూడా మొదటిదాని మీదే, అదే కాలికి ఉంది. ఆమోసు అది చూశాడు గాని చెప్పలేదు. చెబితే "పరిశోధనకి అడ్డు రాకు" అంటాడని నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేర్చుకున్నాడు.

సుందర్ రాజ్ వారానికి ఐదు రోజులు ఒక పెయింట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రేకు మీద పూసిన రంగు ఆరిందా లేదా అని వేలితో తాకి చూసి చీటీ మీద రాయడం అతని ఉద్యోగం. మిగిలిన రెండు రోజులూ డిటెక్టివు. కార్డులు కూడా అచ్చు వేయించాడు. తెలుగు సంఘంలో ఇంతవరకు మూడు కేసులు పట్టాడు. పాస్టరుగారి గొడుగు పోయిన కేసులో గొడుగు సుందర్ రాజ్ చంకలోనే దొరికింది. మిగతా రెండింటిలో అసలు ఏమీ పోలేదని తేలింది. మూడింటినీ అతను విజయాలకిందే జమ కట్టుకున్నాడు.

"నాలుగో కేసు కావాలిరా ఆమోసూ. చరిత్రలో నిలిచిపోయేది."

ఆమోసు గదిలోకి వెళ్లి, నిన్న పోస్టులో వచ్చిన అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టాడు. అందులో ఒక సీసా, సీసాలో లేతాకుపచ్చ నీళ్లలాంటి మందు. పేరు 'మిరకిల్ మేన్'. పెట్టెలోనే పత్రికలోంచి కత్తిరించిన ప్రకటన కూడా ఉంది. "ఇరవై ఒక్క రోజుల్లో మీ దువ్వెనకు మళ్లీ ఉద్యోగం!" అని పైన పెద్ద అక్షరాలు. కింద ఒకే మనిషివి రెండు ఫోటోలు. మొదటిదాంట్లో బోడి నెత్తి, ఏడుపు మొహం, మాసిన బనీను. రెండోదాంట్లో ఒత్తైన జుట్టు, నవ్వు, సిల్కు టై.

"చూడు, జుట్టుతోపాటు టై కూడా మొలిచింది" అన్నాడు ఆమోసు.

"హాస్యం కాదురా. ఎందుకు కొన్నావు?"

ఎందుకంటే లూసీ కోసం. చెప్పుకోవడానికి సిగ్గేసింది గాని చెప్పాడు.

ఆమోసుకి ముప్పై రెండేళ్లు. మన్‌హాటన్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో వంతెనల డ్రాయింగులు గీస్తాడు. వంతెన మీద ఎక్కడ ఎన్ని మేకులు కొట్టాలో కచ్చితంగా తెలిసిన మనిషి, తన నెత్తి మీదనుంచి మేకులన్నీ ఊడిపోతుంటే ఏమీ చేయలేకపోయాడు. అతని తల్లి కరుణమ్మ సెప్టెంబరులో నరసాపురం నుంచి ఆరు నెలల వీసామీద వచ్చింది. వచ్చిన వారానికే కొడుక్కి చెప్పకుండా ఒక పని చేసింది. పెట్టెలోంచి అతని ఫోటో ఒకటి తీసి, సంఘంలో సంబంధాలు చూసే జ్ఞానమ్మ ఆంటీ చేతిలో పెట్టింది. ఆంటీ దాన్ని తను పనిచేసే ఆసుపత్రిలోనే నర్సుగా ఉన్న లూసీకి ఇచ్చింది. అది ఏడేళ్ల కిందట విశాఖపట్నం స్టూడియోలో తీయించుకున్న ఫోటో. అందులో ఆమోసు జుట్టు నుదుటి మీద పడి ఉంగరాలు తిరిగి ఉంటుంది. లూసీ ఫోటో చూసి సరే, మనిషిని చూస్తానంది. డిసెంబరు పదహారున సంఘం క్రిస్మస్ కూడికకి వస్తోంది.

"లూసీని ఆసుపత్రి మెట్ల మీద ఒకసారి చూశాన్రా, జ్ఞానమ్మ ఆంటీని దింపడానికి వెళ్లినప్పుడు. ఒక ముసలాయనకి బూటు లేసు కడుతోంది. నన్ను చూడలేదు. అప్పట్నుంచీ..." ఆమోసు ఆగాడు. "ఆ ఫోటో నమ్మి వచ్చి నన్ను చూస్తే ఏమనుకుంటుంది? మోసగాడనుకోదూ?"

సుందర్ రాజ్ సోఫా కిందినుంచి బయటికి వచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"అయితే ఇదే కేసు. ఈ మందు మాట నిలబెట్టుకుంటుందా, లేక అమెరికా దేశపు బట్టతలలన్నిటికీ టోపీ పెడుతుందా? శాస్త్రీయంగా తేలుస్తాను. కూర్చో."

ఆ పూటే ఆమోసు సెలూనుకి వెళ్లి ఉన్న కాస్త జుట్టూ పొట్టిగా కత్తిరించుకు వచ్చాడు. లెక్క తేలిక కావాలంటే అంతేనని డిటెక్టివుగారి ఆజ్ఞ. తర్వాత సుందర్ రాజ్ స్కేలు పెట్టి అతని నడినెత్తిన కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, అంగుళం చదరాలు రెండు గీశాడు. ఎడమ చదరంలో రోజూ మందు రాయాలి. కుడి చదరంలో రాయకూడదు. రెంటిలోనూ వెంట్రుకలు లెక్కపెట్టి పోల్చాలి. సుందర్ రాజ్ జీవితంలో చేసిన తెలివైన పని ఇదొక్కటే, ఆ సంగతి చెప్పకపోతే పాపం.

"ఎడమ నలభై ఒకటి. కుడి ముప్పై తొమ్మిది." నోటుబుక్కులో రాసుకున్నాడు.

"ఒరేయ్, దేంతో గీశావు? చల్లగా తగిలింది."

"మా ఫ్యాక్టరీ నీలం రంగు. వానకి పోదు, ఎండకి పోదు. పదేళ్ల గ్యారంటీ."

ఆమోసు బాత్రూంలోకి పరుగెత్తి సబ్బు రుద్దాడు, నిమ్మకాయ రుద్దాడు, చివరికి అంట్లు తోమే పీచు కూడా రుద్దాడు. నెత్తి ఎర్రబడింది. చదరాలు మాత్రం మరింత నిగనిగలాడాయి.

"చూశావా మా క్వాలిటీ!" అన్నాడు సుందర్ రాజ్ గర్వంగా.

ఆ రోజునుంచి ఆమోసు ఊలు టోపీ చెవుల దాకా దించుకుని తిరిగాడు. ఆఫీసులో జలుబన్నాడు. తల్లికీ అదే చెప్పాడు. నిజానికి జలుబు కూడా ఉంది. చలికాలం నాలుగు నెలలూ అతని ముక్కు పనిచేయదు. సుందర్ రాజ్ ముక్కు పెయింటు వాసనలకి ఎప్పుడో రాజీనామా ఇచ్చింది. పరిశోధన జరిగే ఆ ఇంట్లో వాసన తెలిసిన ముక్కు కరుణమ్మ ఒక్కతెకే ఉంది. ఆమెకి ఈ మందు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె ఇచ్చిన ఫోటో గురించే కదా బాధంతా, చెబితే నొచ్చుకుంటుందని ఆమోసు సీసాని బాత్రూంలో అద్దం వెనక అరలో దాచాడు.

మూడో రోజు ఆఫీసు దగ్గర బండిమీద కొన్న హాట్‌డాగ్ వికటించి ఆమోసు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. సాయంత్రం దాకా బాత్రూం వదల్లేదు. బయటికి వచ్చేసరికి తల్లి తలుపు దగ్గరే నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు.

"ఇప్పటికైనా బుద్ధొచ్చిందా నాన్నా?"

"వచ్చిందమ్మా. ఇంకెప్పుడూ ముట్టను."

ఆమె కొడుకుని దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. హాట్‌డాగ్‌కి ఇంత బాధపడాలా అని ఆమోసు ఆశ్చర్యపోయాడు. అమ్మ ప్రేమ అంతేగదా అనుకుని ఊరుకున్నాడు. ఆ తర్వాత కూడా ఆమె అతన్ని అదోలా చూస్తూనే ఉంది. అతను బాత్రూంలోకి వెళితే బయట నిలబడి గొంతెత్తి కీర్తన పాడేది.

పన్నెండో రోజు సుందర్ రాజ్ టార్చిలైటు, పట్టకారు పుచ్చుకుని మళ్లీ లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"ఆమోసూ, కుర్చీ గట్టిగా పట్టుకో. ఎడమ చదరంలో యాభై ఎనిమిది!"

పదిహేడు కొత్త వెంట్రుకలు! వెంటనే కోటు తొడుక్కుని మందుల షాపుకెళ్లి కొత్త దువ్వెన కొనుక్కొచ్చాడు. దారిలో ఎవరో తెలియని ముసలమ్మకి తలుపు తెరిచి పట్టుకుని, "హ్యాపీ క్రిస్మస్" అని ఇరవై రోజులు ముందే చెప్పేశాడు. తిరిగి వచ్చేసరికి సుందర్ రాజ్ నుదురు చిట్లించి కూర్చున్నాడు.

"కుడి చదరంలో యాభై అయిదు."

"కుడివైపు మందు రాయలేదు కదరా!"

"అదే మరి. మందు సరిహద్దు దాటింది. భయంకరమైన శక్తి!"

పదిహేనో రోజు డిటెక్టివుగారు సీసాని దీపానికి ఎదురుగా పట్టుకుని చూశారు. చూసి మెల్లగా బల్లమీద పెట్టారు.

"మొదటి రోజు నా నోటుబుక్కులో ఏం రాశానో విను. 'మందు రంగు లేతాకుపచ్చ.' ఇప్పుడు చూడు. పసుపు. పల్చగా ఉండేది చిక్కబడింది."

"చలికి గడ్డకట్టిందని నువ్వే అన్నావు."

"అన్నాను. నేరస్థుడు వింటాడని అలా అన్నాను. ఇంకో సంగతి. పదిహేను రోజులుగా రాస్తున్నాం. సీసా ఎంత తగ్గింది?"

ఆమోసు చూశాడు. సీసా మెడ దాకా నిండుగా ఉంది. సండేస్కూల్లో విన్న తరగని నూనె బుడ్డి సంగతి గుర్తుకొచ్చి అతనికి ఒళ్లు జలదరించింది.

"ఎవడో రోజూ ఈ ఇంట్లోకి వచ్చి అసలు మందు ఎత్తుకుపోతున్నాడు, నకిలీ నింపిపోతున్నాడు. అతనికి ఈ ఇంటి తాళం ఉంది. అతనికి జుట్టు అవసరం ఉంది. తాళమూ ఉండి, జుట్టు లేనివాడు ఎవడు?"

ఆ బిల్డింగు చూసుకునే స్టాన్లీ దగ్గర అన్ని ఇళ్ల తాళాలూ ఉంటాయి. అతని తల గుమ్మడికాయంత నున్నగా ఉంటుంది. ఇల్లు వెచ్చబెట్టే రేడియేటరు బాగుచెయ్యడానికి వారానికోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా కరుణమ్మ చేసిన గారెలు తిని పోతాడు. అతనికి తెలుగు రాదు, ఆమెకి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకుంటారు.

"పాపం, మంచివాడురా" అన్నాడు ఆమోసు.

"మంచివాడిలా కనపడటమే వాడి మొదటి తప్పు."

మర్నాడు సుందర్ రాజ్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని స్టాన్లీని వెంబడించాడు. మొదటి అంతస్తులో స్టాన్లీ వెనక్కి తిరిగి చూశాడు. రెండో అంతస్తులో నవ్వి, అతని చేతికి బకెట్ ఇచ్చాడు. సాయంత్రానికి డిటెక్టివుగారు మూడు అంతస్తుల మెట్లూ తుడిచి, నడుము పట్టుకుని ఇంటికి చేరారు.

"ఏం తెలిసింది?" అన్నాడు ఆమోసు.

"చాలా లోతైన మనిషి. మందు ఇంట్లో దాచడు. ఒంటిమీదే ఉంచుకుంటాడు, కోటు జేబులో. వచ్చే ఆదివారం క్రిస్మస్ కూడికకి మీ అమ్మగారు వాణ్ని పిలిచారు. కోట్లన్నీ బయట నడవలో తగిలిస్తారు. నాకు పావుగంట చాలు, ఎవరూ లేచి బయటికి రాకుండా చూడాలి."

"ఎలా చూస్తావు?"

"అన్నీ నీకు చెప్పాలా?" అని సుందర్ రాజ్ వంటింట్లోకి వెళ్లి కరుణమ్మతో గుసగుసలాడాడు. ఆమె మొహం ఒక్కసారిగా వెలిగిపోవడం ఆమోసు గుమ్మంలోంచి చూశాడు.

పదహారో తారీఖు వచ్చింది. తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌ని ఆదివారాలు మధ్యాహ్నం మూడు తర్వాత వాడుకుంటుంది. పాస్టరు సత్యానందంగారు వారమంతా పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి, ఆదివారం అయ్యగారు అవుతారు. ఆయన దగ్గరికి వెళ్లి ఆమోసు, జలుబు వల్ల ప్రార్థనలో టోపీ తీయలేనని ముందే మన్నింపు కోరుకున్నాడు.

గుమ్మం దగ్గర జ్ఞానమ్మ ఆంటీ పక్కన లూసీ నిలబడి ఉంది. ఊదారంగు చీర మీద పెద్ద స్వెటరు. మెట్ల మీద చూసిన మొహమే, కాకపోతే ఈసారి అతన్నే చూస్తోంది.

"వందనాలండి" అన్నాడు ఆమోసు.

"వందనాలు. జలుబా?"

"అవునండి."

"చెవుల దాకా ఉన్నట్టుంది జలుబు" అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక అతనికి ధైర్యం రావలసింది పోయి భయం రెట్టింపయింది. ఇప్పుడు పోగొట్టుకోవడానికి ఒకటి ఉంది మరి. ఫోటో సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఇంతలో పాట మొదలైంది.

పాటలు, బైబిలు వాక్యం అయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి నాలుగు మాటలు చెప్పుకునే ఆనవాయితీ అది. సుందర్ రాజ్ కరుణమ్మకి కళ్లతో సైగ చేసి, మెల్లగా నడవలోకి జారుకున్నాడు. కరుణమ్మ లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని ముందుకు వెళ్లింది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలండి. ఈ సాక్ష్యం చెప్పాలా వద్దా అని ఇరవై రోజులుగా ప్రార్థన చేస్తున్నాను. మొన్న ఈ సుందర్‌బాబు వచ్చి, 'పిన్నిగారూ, ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాలి, ఎంత పొడుగ్గా చెబితే అంత దీవెన' అన్నాడండి. దేవుడే ఆ బిడ్డ నోట పలికించాడు. అందుకని దాచకుండా చెప్పేస్తున్నాను. నా కొడుకు ఆమోసు తాగుడుకి అలవాటుపడ్డాడండి."

హాల్లో ఏడుస్తున్న చంటిపిల్ల కూడా ఏడుపు ఆపింది.

"బాత్రూంలో అద్దం వెనకాల దాచుకున్నాడు సీసా. తలనొప్పి బిళ్ల కోసం తెరిస్తే కనపడింది. మూత తీస్తే గుప్పుమని సారా వాసన! సీసా మీద ఒక దొర బొమ్మ. సగం తల బోడి, సగం తల జుట్టు. తాగితే ఇలా అయిపోతార్రా అని వాళ్లే బొమ్మేసి మరీ అమ్ముతున్నారు కామోసు అనుకున్నాను. మొత్తం సింకులో పారబోశానండి. మరి ఖాళీ సీసా చూస్తే ఇంకోటి కొనుక్కుంటాడు కదా? అందుకని నేను తెచ్చుకున్న ఆముదం దాన్నిండా పోసి, ఉన్నచోటే పెట్టాను. ఒక్క గుక్క పడిందంటే మళ్లీ సీసా మొహం చూడడని."

"స్తోత్రం" అన్నారెవరో అలవాటుకొద్దీ.

"మూడో రోజే తాగాడండి. సాయంత్రం దాకా బాత్రూంలోనే ఉన్నాడు. ఇక ముట్టనమ్మా అని మాట కూడా ఇచ్చాడు. కానీ సీసా రోజూ తరుగుతూనే ఉంది. నేను రోజూ నింపుతూనే ఉన్నాను. ఆముదం కూడా వదలడం లేదంటే ఎంత పాడు వ్యసనమో మీరే చూడండి! నా బిడ్డ చెడ్డవాడు కాదండి. సంఘమంతా వాడికోసం ప్రార్థన చెయ్యండి." ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆడవాళ్ల వైపునుంచి అయ్యో, అయ్యో అని వినపడింది. ఆమోసు లూసీ వైపు చూశాడు. ఆమె మొహంలో నవ్వు లేదు. రక్తం తోడేసినట్టు పాలిపోయింది. చేతిసంచీ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది, లేవడానికి సిద్ధమవుతున్నట్టు.

సత్యానందంగారు దగ్గరికి వచ్చి ఆమోసు భుజం మీద చెయ్యి వేశారు. "సిగ్గుపడకు నాయనా. మోకరించు, ప్రార్థన చేద్దాం. జలుబుగా ఉందన్నావుగా, టోపీ ఉండనియ్యి."

ఆమోసు మోకరించలేదు. టోపీ ఉంచుకుంటే తాగుబోతు. తీస్తే బట్టతల, దాని మీద రెండు నీలం చదరాలు, వాటితోపాటు ఆ ఫోటో అబద్ధం. తాగుబోతని అనుకుంటే వీళ్లు జాలిపడి ప్రార్థన చేస్తారు. ఇదయితే నవ్వుతారు. జెర్సీ సిటీనుంచి ఎడిసన్ దాకా ఏడాదిపాటు నవ్వుతారు. కానీ పక్కన అమ్మ ఏడుస్తోంది. మూడో వరసలో లూసీ సంచీ భుజానికి తగిలించుకుంటోంది.

"ఆగండి అయ్యగారూ. అది సారా కాదు. జుట్టు మొలిచే మందు." అని టోపీ తీసేశాడు.

సంఘమంతా అతని నెత్తివైపు చూసింది. ముందు వరసలో అయిదేళ్ల పిల్ల లేచి నిలబడి, "మమ్మీ, అంకుల్ హెడ్ మీద విండోస్ ఎందుకు ఉన్నాయి?" అంది.

అతను చెప్పేశాడు. పత్రికలో ప్రకటన, సీసా, చదరాలు, పదిహేడు వెంట్రుకలు, కొత్త దువ్వెన, అన్నీ వరసగా చెప్పాడు. చివర్లో లూసీ వైపు తిరిగాడు. "లూసీగారూ, మీకిచ్చిన ఫోటో ఏడేళ్ల కిందటిది. ముందే చెప్పాల్సింది. భయపడి చెప్పలేదు. నేను ఎప్పుడూ తాగలేదండి. నా తల ఇదీ."

ఎవరూ నవ్వకముందే తలుపు దభాలున తెరుచుకుంది.

"ఎవరూ కదలొద్దు! ద్రోహి ఈ గదిలోనే ఉన్నాడు!" సుందర్ రాజ్ చేతిలో ఒక దువ్వెన పైకెత్తి పట్టుకున్నాడు. "బట్టతలవాడి కోటు జేబులో దువ్వెన! ఎందుకు? ఎవరి జుట్టు కోసం?"

వెనక వరసలో గారె తింటున్న స్టాన్లీ తన దువ్వెన గుర్తుపట్టి సంతోషించాడు. లేచి వచ్చి, థాంక్యూ చెప్పి దాన్ని తీసుకుని, పెద్ద పెద్ద మీసాలు శ్రద్ధగా దువ్వుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు హాలంతా ఒక్కసారి నవ్వింది. కరుణమ్మ ఏడుస్తూనే నవ్వింది. "జుట్టు మందా? ఒరే నాన్నా, జుట్టు మందా? నేనింకా ఆముదం దండగైపోతోందని కూడా ఏడ్చానురా!" అని కొడుకు బట్టతల పట్టుకుని ముద్దులు పెట్టింది.

ఏం జరిగిందో జ్ఞానమ్మ ఆంటీ తన చెవిలో చెబితే సుందర్ రాజ్ ఒక్క క్షణం నోరు తెరిచి ఉండిపోయాడు. ఒకే క్షణం. వెంటనే గొంతు సవరించుకున్నాడు. "నేను మొదటినుంచీ అనుమానించింది అదే. అందుకే పిన్నిగారి చేత సాక్ష్యం చెప్పించాను. కేసు ముగిసింది!"

"ముగిసిందా? మరి పదిహేడు వెంట్రుకలు ఎక్కడినుంచి వచ్చాయిరా?" అన్నాడు ఆమోసు.

డిటెక్టివు నోటుబుక్కు తిరగేశాడు. లూసీ లేచి వచ్చింది. సంచీ ఇంకా భుజానికే ఉంది. ఆమోసుని కుర్చీలో కూర్చోమని సైగ చేసి, వేళ్లతో ఎడమ చదరం మీది జుట్టుని పక్కకి జరిపింది.

"మొదటిరోజు లెక్కపెట్టే ముందు కటింగ్ చేయించుకున్నారా?"

"అవునండి."

"తర్వాత చేయించుకోలేదు. పక్కనున్న వెంట్రుకలు పెరిగాయి. నెత్తంతా పాకిన ఆముదం జిడ్డుకి అంటుకుపోయి చదరంలోకి వచ్చి పడుకున్నాయి. ఇవి ఇక్కడి కాపురస్తులు కాదండి, చుట్టపుచూపుగా వచ్చినవి. రాయనివైపు కూడా దాదాపు అన్నే పెరిగాయంటే మందు వల్ల కాదనేగా?" సుందర్ రాజ్ వైపు తిరిగి, "రెండువైపులా గీసి పోల్చడం మాత్రం మంచి ఆలోచనండి. మా డాక్టర్లూ అలాగే చేస్తారు" అంది.

సుందర్ రాజ్ చప్పున కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అంటే ఆ మందు పనిచేస్తుందో లేదో మాత్రం తేలలేదన్నమాట."

"తేలిందిగా. సీసాడు మందూ మీ సింకే తాగింది. దానికేమైనా మొలిచాయా?" అంది లూసీ. "బీపీ తగ్గడానికిచ్చే ఒక బిళ్ల వేసుకున్నవాళ్లకి జుట్టు మొలుస్తోందని డాక్టర్లు పరీక్షలు చేస్తున్నారు. అదీ ఇంకా తేలలేదు. తేలేదాకా పత్రికలో ఫోటోలు చూసి ఏదీ కొనకండి. ఎవరి ఫోటోలయినా సరే."

ఆఖరి మాట ఆమోసుకి సూటిగా తగిలింది. భోజనాలకి అందరూ బల్లల దగ్గర మూగారు. అతను టీ గ్లాసులు కడిగే నెపంతో చర్చి వంటగదిలోకి వెళ్లి నిలబడ్డాడు. కాసేపటికి లూసీ వచ్చి, కడిగిన గ్లాసులు అందుకుని తుడవడం మొదలుపెట్టింది.

"ఫోటో పాతదని నాకు తెలుసు. వెనకాల స్టూడియోవాళ్లు తారీఖు ముద్ర వేశారు" అంది.

"తెలిసీ వచ్చారా?"

"ఏడేళ్లలో ఎవరికైనా ఏదో ఒకటి పోతుంది. మీకు ఏం పోయిందో, ఏం మిగిలిందో చూద్దామని వచ్చాను." ఆమె గ్లాసు కింద పెట్టింది. "మా నాన్న తాగేవాడండి. మా అమ్మ ఎన్ని సీసాలు పారబోసిందో లెక్కలేదు. మీ అమ్మగారు ఆ మాట చెబుతుంటే నాకు మా ఇల్లే కనపడింది. ఇంకొక్క నిమిషం మీరు టోపీ తీయకుండా ఉంటే నేను వెళ్లిపోయేదాన్ని. మళ్లీ వచ్చేదాన్ని కాదు."

ఇన్నాళ్లూ ఆమోసు ఏది చూస్తే ఆమె వెళ్లిపోతుందని వణికాడో, అది చూశాకే ఆమె ఆగింది. కళ్లు చెమర్చాయి. చేతులకి సబ్బు ఉంది గనక తుడుచుకోలేకపోయాడు.

తలుపులోంచి జ్ఞానమ్మ ఆంటీ తల కనపడింది. ఆమె వెనక కరుణమ్మ తల, దానిపైన సుందర్ రాజ్ తల.

"ఏమ్మా లూసీ? మరి ఏం చెప్పమంటావు?" అంది ఆంటీ.

లూసీ సంచీలోంచి ఆ పాత ఫోటో తీసి ఆంటీ చేతిలో పెట్టింది. "ఇది వాళ్లకి తిరిగిచ్చేయండి ఆంటీ."

కరుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇప్పటిది ఇంకోటి తీయించుకోమనండి, టోపీ లేకుండా" అంది లూసీ. "మా అమ్మకి పంపాలి."